పాత కార్టూన్లకు రివ్యూ రాస్తున్నారా?

ప్రశ్న: టామ్ అండ్ జెర్రీ పాత చిత్రం ఒకటి నా దగ్గరున్న డిస్క్‌లో సరిగ్గా 7 నిమిషాలుంది. టీవీ నుంచి రికార్డు చేసుకున్న కాపీ 6 నిమిషాల 43 సెకన్లే. ఏ సీనూ పోయినట్టు లేదు. మరి ఏం కోశారు?
– విజయవాడ పాఠకుడు

జవాబు: ఏమీ కోయలేదు. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది, మన టీవీ వాడిన పాల్ పద్ధతిలో 25. ఫిల్మును ఆ వేగానికి పెంచితే నిడివి 4 శాతం తగ్గుతుంది. మీరు చెప్పిన 17 సెకన్ల తేడా అదే. శ్రుతి కూడా అరస్వరానికి కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. కథ గురించి రాయడానికి ఈ కాపీ చాలు. దెబ్బ పడేముందు ఎంతసేపు ఆగారు, స్కాట్ బ్రాడ్లీ సంగీతం ఎలా పలికింది అన్నవి రాయాలంటే మాత్రం డిస్కే చూడండి. పనిమనిషి పాత్ర ఉన్న చిత్రాల్లో ఇంకో చిక్కుంది: 1960ల్లో అమెరికన్ టీవీ కోసం కొన్నిట్లో ఆమె బదులు వేరే ఆవిడను గీయించారు. నిడివి చూస్తే ఇది దొరకదు.

ప్రశ్న: 1934 నాటి రంగుల కార్టూన్‌లో ఆకాశం నీలంగా లేదు, అంతా ఎరుపు, ఆకుపచ్చే. ప్రింట్ పాడైందా?
– వరంగల్ పాఠకురాలు

జవాబు: పాడవనక్కర్లేదు. మూడు రంగుల టెక్నికలర్‌ను కార్టూన్లలో వాడే హక్కు 1932 నుంచి 1935 దాకా డిస్నీ ఒక్కడికే ఉండేది. ఆ పద్ధతిలో వచ్చిన తొలి కార్టూన్ ‘ఫ్లవర్స్ అండ్ ట్రీస్’. మిగతా స్టూడియోలు రెండు రంగులతో సర్దుకున్నాయి, కాబట్టి అసలైన నీలం, పసుపు, ఊదా వాటిలో కనబడవు. దాన్ని చిత్రకారుడి లోపంగా రాయకండి. రంగు వెలిసిన ప్రింట్ సంగతి వేరు: బొమ్మంతా గులాబీ రంగుకు తిరుగుతుంది, నలుపు కూడా గోధుమరంగు పడుతుంది. రెండు రంగుల మంచి ప్రింట్‌లో నలుపు నలుపుగానే ఉంటుంది.

ప్రశ్న: పరిగెత్తేటప్పుడు పాత్రల గీతలు తెగిపోతున్నాయి. యానిమేషన్ నాసిరకమా?
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: ఆపి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. నిలబడ్డప్పుడు నిండుగా ఉన్న గీత, కాళ్లూ మీసాలూ కదలగానే మాయమైతే అది డిస్క్ తయారీలో జరిగిన తప్పు. దుమ్మూ గీతలూ తుడిచే యంత్రం సన్నని సిరా గీతను కూడా మరకే అనుకుని తుడిచేస్తుంది. ఒళ్లు సాగిపోయి, రంగు మాత్రం నిండుగా ఉంటే అది కావాలని గీసిందే. చక్ జోన్స్ 1942లో తీసిన ‘ద డోవర్ బాయ్స్’ అలాంటి బొమ్మలకు పేరుబడ్డది. అందులో పాత్ర ఒక భంగిమ నుంచి ఇంకోదానికి దూకుతుంది, మధ్యలో సాగిన బొమ్మ ఒకటో రెండో ఫ్రేములుంటుంది, అంతే. ఒకే బొమ్మను రెండేసి ఫ్రేములు చూపడం, అంటే సెకనుకు 12 బొమ్మలు, ఆనాడు మామూలు పని. దాన్నీ తప్పుపట్టకండి.

ప్రశ్న: టైటిల్స్‌లో దర్శకుడి పేరు లేకపోతే?
– కర్నూలు పాఠకురాలు

జవాబు: వార్నర్ చిత్రమైతే మొదట్లో ‘బ్లూ రిబ్బన్’ అని ఉందేమో చూడండి. 1943 నుంచి పాతవాటిని మళ్లీ విడుదల చేసేటప్పుడు అసలు టైటిల్స్ తీసేసి ఇవి అతికించారు. చాలావాటిలో దర్శకుడి పేరు అలాగే పోయింది. పేరు ఉన్నా పూర్తిగా నమ్మలేం: టామ్ అండ్ జెర్రీ మొదటి చిత్రం ‘పస్ గెట్స్ ద బూట్’ (1940) టైటిల్స్‌లో కనబడేది రుడాల్ఫ్ ఐసింగ్ పేరొక్కటే. తీసింది విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా.