వీణ మీది మెట్టు

సందేహం: వీణ, గిటారు మెడ మీద అడ్డంగా వరసగా ఉండే లోహపు బద్దలను ‘సారికలు’ అని ఒకచోట, ‘మెట్టులు’ అని ఒకచోట, ‘చికాకులు’ అని మరోచోట చదివాను. ఏది సరైనది? మెట్లంటే ఎక్కేవి కదా?

సమాధానం: ‘చికాకులు’ యంత్రానువాదం చలవ. ఈ బద్దల ఇంగ్లీషు పేరు ‘ఫ్రెట్’కు చికాకుపడటమనే ఇంకో అర్థముంది, దాన్ని తెచ్చి గిటారుకు అంటగట్టింది. ‘మెట్టులు’ రాసినవారిని మాత్రం మందలించాలి. చెట్టు చెట్లయినప్పుడు మెట్టు మెట్లు కాక ఏమవుతుంది?

వైణికులనేది మెట్లనే. మీరు నామవాచకం దగ్గర ఆగిపోయారు, క్రియను చూడండి. మెట్టడమంటే తొక్కడం, అడుగు పెట్టడం. మెట్టినింట్లో ఆడపిల్ల ఎక్కిందేమీ లేదు, అడుగు పెట్టింది. కాలివేలి మెట్టెదీ ఈ కుదురేననిపిస్తుంది. కాలు మెట్టేది గడప ముందర మెట్టయితే, వేలు మెట్టేది వీణ మీద మెట్టు. ఎక్కడం కావాలంటే అదీ ఉంది: మెట్టుకొక స్వరస్థానం చొప్పున 24 మెట్లకు రెండు స్థాయిలు.

అయితే ఇవి మేడమెట్లలా సమానంగా ఉండవు. తీగ మోగే పొడవు 80 సెంటీమీటర్లనుకుంటే లెక్క ప్రకారం తల వైపు నుంచి మొదటి మెట్టు 4.5 దగ్గర, 12వది సరిగ్గా సగంలో, 24వది 60 దగ్గర పడతాయి. చివరి రెండు మెట్ల నడుమ ఎడం 1.2 సెంటీమీటర్లే. అదిమితే తీగ బిగిసి శ్రుతి కాస్త ఎక్కుతుంది కనుక, లెక్క ఎంత ఉన్నా చివరికి చెవితోనే సవరించాలి. ఈ మెట్లు నిలిచేది మైనంలో. వేడికి మైనం మెత్తబడి మెట్టు ఒరిగిందా, ఆ స్వరం తప్పినట్టే. మళ్లీ మైనం వేసి మెట్లు సర్దడం మేళం కట్టడం. తీగలకు శ్రుతి కలపడం మేళవించడం. ఇంత తేడా ఉన్న రెండు పనులనూ ఇప్పుడు ‘ట్యూనింగ్’ అనే ఒక్క మూటలో కట్టేస్తున్నాం!

సారిక సంస్కృతం, గోరువంకకూ అదే పేరు. శాస్త్రగ్రంథంలో ఉండనివ్వండి. పాట వరసను చెప్పే ‘వర్ణమెట్టు’ వేరే సంగతి.

ఇక కొందరు ‘ఫింగర్‌బోర్డ్’ను ‘వేలిపలక’ చేసి వీణకూ రాస్తున్నారు. వయొలిన్‌కు పలక ఉంది, మెట్లు లేవు. వీణకు మెట్లున్నాయి, తీగను పలకకు అదిమే పనే లేదు. గిటారుకు రెండూ ఉన్నాయి కనుక ‘మెట్ల పలక’ అంటే నేను గట్టిగా తప్పు పట్టను. వీణ మెడను మాత్రం దండి అంటే చాలు.