ఆత్మరక్షణకి 9 ఎంఎం పిస్టల్ సరిపోతుందా, పాయింట్ 45 తీసుకోవాలా?

ఈ అంకెలు బుల్లెట్ వెడల్పులు, ఒకటి 9 మిల్లీమీటర్లు, రెండోది 0.45 అంగుళం, అంటే సుమారు 11.4 మిల్లీమీటర్లు. చాలామందికి 9 ఎంఎం సరిపోతుంది, కాకపోతే మంచి హాలో పాయింట్ బుల్లెట్లు (మొనలో గుంట ఉండి, తగిలాక విచ్చుకునేవి) వాడాలి. హ్యాండ్‌గన్ బుల్లెట్లన్నీ రైఫిల్ బుల్లెట్లతో పోలిస్తే స్లోనే, కాబట్టి బుల్లెట్ ఎక్కడ తగిలింది, ఎంత లోతుకి దిగింది అన్నదే ముఖ్యం, వెడల్పులో రెండున్నర మిల్లీమీటర్ల తేడా పెద్దగా లెక్కలోకి రాదు. పైగా 9 ఎంఎంకి రీకాయిల్ (పేల్చినప్పుడు గన్ వెనక్కి తన్నే ఊపు) తక్కువ, ఒక షాట్ పేల్చాక గన్ త్వరగా మళ్ళీ గురి మీదకి వస్తుంది, రౌండ్లూ ఎక్కువ పడతాయి, గ్లాక్ 17 మ్యాగజైన్‌లో 17 అయితే పాయింట్ 45 వాడే పాత 1911 పిస్టల్‌లో 7 మాత్రమే.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐనే చూడండి, 1986లో మయామీలో దొంగలతో జరిగిన కాల్పుల్లో తన ఏజెంట్లు చనిపోయిన తర్వాత 9 ఎంఎం చాలదని 10 ఎంఎంకి, తర్వాత పాయింట్ 40కి మారి, బుల్లెట్ల డిజైన్ మెరుగుపడ్డాక మళ్ళీ 9 ఎంఎంకే వచ్చేసింది.

పాయింట్ 45 తగిలితే మనిషి ఎగిరి వెనక్కి పడతాడని చాలామంది నమ్ముతారు, అది తప్పు. బుల్లెట్‌కి అంత తోపు ఉంటే పేల్చినవాడు కూడా అంతే వెనక్కి పడాలి కదా. చేతిలో కుదురుగా ఉండి, బాగా ప్రాక్టీస్ చేయగలిగిన గన్నే తీసుకోండి.