పుట్టలో పాలు పోస్తే పాము తాగుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు వైపు, దీపావళి వెళ్ళాక నాగుల చవితి చేస్తాం. హైదరాబాద్‌లో మా పక్కింటివాళ్ళు శ్రావణంలోనే నాగుల పంచమి చేసేశారు. ఏది సరైనది?

జవాబు: రెండూ. ఆంధ్రలో ఎక్కువమందికి కార్తీక శుద్ధ చవితి, తెలంగాణలో ఎక్కువగా శ్రావణ శుద్ధ పంచమి. ఎవరింటి ఆనవాయితీ వాళ్ళది, ఊరు మారినంత మాత్రాన మీరు మార్చుకోనక్కర్లేదు.

ప్రశ్న: పాము పాలు తాగదని ఎనిమిదో తరగతి చదివే మా వాడు వాళ్ళ నాయనమ్మతో గొడవ పెట్టుకున్నాడు. పండగ పూట ఇంట్లో టెన్షన్. ఏం చెప్పమంటారు?

జవాబు: మీ వాడు చెప్పింది నిజమేనండీ. పాము తినేది ఎలుకలూ కప్పలూ, పాలు దానికి అరగవు. మరి పాములవాడి బుట్టలోది తాగిందే అంటారా, దాన్ని రోజుల తరబడి నీళ్ళు లేకుండా మాడిస్తే దాహానికి ఏది పెట్టినా మూతి పెడుతుంది. అసలు పుట్ట కట్టింది కూడా పాము కాదు, చెదపురుగులు. చల్లగా ఉంటుంది, ఎలుకలూ దొరుకుతాయి, అందుకని పాము అందులో దూరుతుంది. చవితి రోజు మధ్యాహ్నానికి ఏ పుట్టనైనా చూడండి, కన్నాల్లో విరిగిన పాలు, పసుపు ముద్దలు, కోడిగుడ్లు, పాల ప్యాకెట్ కవర్లు, వీటికి తోడు మనవాళ్ళు దీపావళికి మిగిల్చిన టపాసులు అక్కడే కాలుస్తారు. లోపల పామున్నా ఎందుకుంటుంది!

అలాగని నాయనమ్మను మానేయమనకండి. ఆవిడ పెట్టేది నాగేంద్రుడికి నైవేద్యం, పాముకి టిఫిన్ కాదు. రెండు చుక్కల పాలు పుట్ట మొదట్లో చిలకరించి, చలిమిడి, చిమ్మిలి ఆకులో పెట్టి, పుట్ట మన్ను చెవులకు రాసుకుని వస్తే పూజకేం లోటు? వాడికి మాత్రం భారతంలో ఆస్తీకుడి కథ చెప్పమనండి. తండ్రిని తక్షకుడు కాటేశాడని జనమేజయుడు పాములన్నిటినీ హోమంలో వేయిస్తుంటే వెళ్ళి ఆపించింది ఆ కుర్రాడే. వాళ్ళమ్మ వాసుకి చెల్లెలు, అంటే పాములు వాడికి మేనమామలన్నమాట. ఇక్కడ మనవడు, నాయనమ్మ ఇద్దరూ ఒక పార్టీ అయిపోతారు.

ప్రశ్న: పండగకి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి నాగుపాముతో ఒకతను వస్తాడు. పాలు, డబ్బులు ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి. బుట్టలో పెట్టేముందు చాలా పాములకు కోరలు పీకేస్తారు, కొన్నిటికి నోరు కుట్టేస్తారు కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నాగుపామును పట్టి ఆడించడం నేరం. అటవీ శాఖకు ఫోన్ చేయండి, వాళ్ళే వచ్చి తీసుకెళతారు. కోరలు లేవు కదా అని పిల్లల్ని మాత్రం దగ్గరికి పోనివ్వకండి, పీకినా మళ్ళీ మొలుస్తాయి.