ట్రావెలర్ ఏసీ కోసం అమ్మాయి ఫీజు ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. సొంత టెంపో ట్రావెలర్‌తో అరసవల్లి, శ్రీముఖలింగం, అరకు, పూరీ ట్రిప్పులు వేస్తుంటాను. బండి ఈఎంఐ ఇంకా నడుస్తోంది. ఈమధ్య డాష్‌బోర్డు ఏసీ మొరాయిస్తోంది. విశాఖ వైపు బయల్దేరితే మొదట చల్లగానే ఉంటుంది, భోగాపురం చేరేసరికి గాలి సన్నగిల్లి చల్లదనం పోతుంది. టీకి ఆగి అరగంట తర్వాత కదిలితే మళ్లీ బాగుంటుంది. కంప్రెసర్ పోయింది, మార్చాలంటే 38,000 అవుతుందని వర్క్‌షాపులో చెప్పారు. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకి దాచిన లక్ష రూపాయల ఎఫ్‌డీ తప్ప చేతిలో ఏమీ లేదు. అది తీసేయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? ఇన్సూరెన్స్‌లో వస్తుందా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. లోన్ కాగితాల మీద సంతకమూ పెట్టకండి. మీరు చెప్పిన లక్షణాలు కంప్రెసర్ పోయినట్టు లేవు.

గాలి తగ్గడమే ఇక్కడ అసలు ఆనవాలు. కంప్రెసర్ అరిగిపోతే వెంట్లలోంచి వేడిగాలి వస్తుంది, అంతే తప్ప గాలి వేగం తగ్గదు. గాలి తగ్గి, కాసేపు ఆపితే మళ్లీ వస్తోందంటే డాష్‌బోర్డు లోపల ఉండే కూలింగ్ కాయిల్ మీద ఐసు గడుతోందని అనుమానించాలి. కాయిల్ సున్నా డిగ్రీలకు దగ్గరవగానే అక్కడి సెన్సర్ కంప్రెసర్‌ని కాసేపు ఆపాలి. ఆ సెన్సర్ చెడిపోయినా, కాయిల్‌లోంచి జారి పక్కకు వచ్చినా కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. మన తీరం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఐసు ఇంకా త్వరగా పేరుకుంటుంది. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, గ్యాస్ కొంచెం తక్కువైనా ఇదే జరుగుతుంది.

పైసా ఖర్చు లేకుండా మీరే చూసుకోవచ్చు. ఈసారి దారిలో గాలి తగ్గగానే ఏసీ బటన్ ఆపి, బ్లోయర్ మాత్రం ఫుల్‌లో పది పదిహేను నిమిషాలు తిప్పండి. గాలి మెల్లగా పుంజుకుని, బండి కింద నీళ్లు ధారగా కారితే అది ఐసే. ముందు ఫిల్టర్ మార్చి, ఆ తర్వాత సెన్సర్ చూపించండి. రెండూ వందల్లో తేలే వస్తువులే.

గాలి జోరు తగ్గకుండా వేడిగా మాత్రమే వస్తుంటే సంగతి వేరు. బండి పక్కన ఆపి, ఇంజిన్, ఏసీ ఆన్‌లోనే ఉంచి బానెట్ ఎత్తి చూడండి. బెల్టుకి చేతులు, బట్టలు తగలనివ్వద్దు. కంప్రెసర్ పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) తిరుగుతూ దాని ముందున్న క్లచ్ ప్లేటు కదలకుండా ఉందంటే, కంప్రెసర్‌ని పుల్లీకి కలిపే ఏసీ క్లచ్ పట్టడం లేదు. ప్లేటుని అయస్కాంతంలా లాగే క్లచ్ కాయిల్‌కి 12 వోల్టులు వస్తున్నాయా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కరెంటు రాకపోతే రిలే, ప్రెషర్ స్విచ్, వైరింగ్ వెతకాలి. వచ్చినా పట్టకపోతే క్లచ్ గ్యాప్, అంటే ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు, పెరిగి ఉంటుంది. అది సాధారణంగా అర మిల్లీమీటరు అటూఇటూగా ఉండాలి. అరిగి ఎక్కువైతే, క్లచ్ కాయిల్ వేడెక్కి అయస్కాంత బలం తగ్గగానే ప్లేటు వదిలేస్తుంది. షిమ్ (సన్నని వాషర్) తీసి సరిచేస్తే చాలాసార్లు సరిపోతుంది.

కంప్రెసర్ నిజంగా పోయిందని తేల్చేది గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజులే. 134ఏ గ్యాస్ బండిలో, మన ఎండల్లో, తక్కువ ఒత్తిడి వైపు నీలం గేజు సుమారు 30–45, ఎక్కువ ఒత్తిడి వైపు ఎర్ర గేజు 200–250 పీఎస్ఐ చూపిస్తాయి. క్లచ్ పట్టి, గ్యాస్ సరిపడా ఉన్నా రెండు ముళ్లూ దగ్గర దగ్గరగా ఉంటే కంప్రెసర్ ఒత్తిడి తేవడం లేదు. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ కారింది. రెండూ ఎక్కువైతే కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యానో, మట్టీ ఉప్పూ పట్టిన కండెన్సరో కారణం కావచ్చు, గ్యాస్ ఎక్కువ నింపినా అంతే. గేజులు పెట్టకుండా కంప్రెసర్ మార్చాలంటే ఒప్పుకోకండి. లీకు పట్టకుండా గ్యాస్ టాప్‌అప్ చేయించడం కూడా డబ్బు గాల్లో కలపడమే. లీకు మూశాక కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టి (పంపుతో లైనులోని గాలి, తేమ లాగేసి), బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్న గ్రాముల లెక్కనే తూచి నింపాలి.

కంప్రెసర్ మార్చక తప్పదని తేలితే కొటేషన్‌లో రిసీవర్ డ్రయ్యర్ (గ్యాస్‌లోని తేమ పీల్చేది), లైను ఫ్లషింగ్ (లోపల కడగడం), ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌కి గ్యాస్ వదిలేది), ఆయిల్ ఉన్నాయో లేదో చూడండి. పాత కంప్రెసర్ ఇనుప రజను లైనులో మిగిలితే కొత్తదాన్నీ తినేస్తుంది. అప్పుడు మీ 38,000 రెండోసారి పెట్టాలి.

ఇన్సూరెన్స్ విషయానికొస్తే, ప్రమాదం లేకుండా వచ్చిన మెకానికల్, ఎలక్ట్రికల్ లోపాలకు మామూలు బండి పాలసీ డబ్బులివ్వదు.

అంత ఖర్చు నిజంగా వస్తే అదే ఎఫ్‌డీ మీద బ్యాంకులో లోన్ తీసుకోండి. వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ. 9 శాతం అనుకున్నా 38,000కి నాలుగు నెలలకు 1,140 రూపాయలు. అదే పర్సనల్ లోన్ 18 శాతానికి ఏడాదికి తీసుకుంటే నెలకు సుమారు 3,484 కట్టాలి, వడ్డీ 3,800 దాకా పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు అదనం. పైగా మీకు బండి ఈఎంఐ ఇప్పటికే ఉంది, ఇంకో ఈఎంఐ నెత్తిన పెట్టుకోవద్దు. ఒక్క జాగ్రత్త: లోన్ తీరేదాకా ఎఫ్‌డీ బ్యాంకు చేతిలో ఉంటుంది. కాలేజీ ఫీజు గడువుకి నెల ముందే తీర్చేలా ట్రిప్పుల డబ్బు పక్కన పెట్టండి. అలా తీర్చలేననిపిస్తే లోన్ కూడా వద్దు, సీజన్ డబ్బు చేతికొచ్చేదాకా నాన్ ఏసీ రేటుకే ట్రిప్పులు ఒప్పుకోండి.

ఇకనుంచి కిలోమీటరుకి 50 పైసలు ఏసీ పేరున వేరే ఖాతాలో వేయండి. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగితే 1,500, ఏడాదికి 18,000 అవుతుంది. ట్రిప్పు డబ్బులు అందిన రోజే వేయాలి. నెలాఖరుకి అనుకుంటే మిగలవు.