విలియమ్స్‌టౌన్‌లో చరిత్ర నడక: పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మెల్‌బోర్న్ పక్కనున్న పాత రేవు విలియమ్స్‌టౌన్‌లో మనవాళ్ళ కుటుంబాలతో ఒక పూట చరిత్ర నడక పెడుతున్నావని, ఊళ్ళనుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్తావని మీ అమ్మ చెప్పింది. చాలా మంచి పని. టార్నీట్, పాయింట్ కుక్ వైపు ఉండే మనవాళ్ళు ఆదివారం పూట అక్కడికి వెళ్ళి, ఐస్‌క్రీమ్ తిని, సముద్రం ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. ఏ ఊళ్ళో నిలబడ్డారో చెప్పేవాళ్ళు వాళ్ళకి దొరకలేదు, అంతే.

ముందుగా ఒక మాట. ఊరి చరిత్రంతా ఒక్క పూటలో చెప్పాలనుకోకు. సంవత్సరాలు అప్పజెప్పడం మొదలుపెడితే మూడో మలుపు దగ్గరికే సగంమంది ఫోన్లలో పడతారు. నడక మొత్తానికి ఒకటే ప్రశ్న పెట్టుకో: ఓడలు ఇక్కడికే ఎందుకు వచ్చాయి, తరవాత ఎందుకు రావడం మానేశాయి? నువ్వు చూపించే ప్రతి గోడా, ప్రతి రాయీ దానికే జవాబు చెప్పాలి. చెప్పనిదాన్ని, ఎంత అందంగా ఉన్నా సరే, వదిలెయ్.

జవాబు నీకు కంఠతా ఉండాలి. యారా నది సముద్రంలో కలిసేచోట లోతు తక్కువ, ఇసుకమేటలు ఎక్కువ. పెద్ద ఓడలు మెల్‌బోర్న్ దాకా పోలేక ఈ ఊరి ముందున్న హాబ్సన్స్ బే అనే అఖాతంలోనే లంగరు వేసేవి. అందుకే 1837లో గవర్నర్ బర్క్ మెల్‌బోర్న్‌కి పేరు పెట్టినప్పుడే ఈ ఊరికీ పెట్టాడు, అప్పటి రాజు నాలుగో విలియమ్ పేరు మీద. 1851లో బంగారం బయటపడ్డాక బే నిండా ఓడలే. 1854లో అవతలి ఒడ్డున శాండ్రిడ్జ్‌కి, అంటే ఇప్పటి పోర్ట్ మెల్‌బోర్న్‌కి, రైలు పడింది. ఇక్కడికి 1859లో వచ్చింది. ఆ తరవాత నదినే మార్చేశారు: 1886లో కూడ్ కాలువ తవ్వి వంపు తీసేశారు, 1892లో విక్టోరియా డాక్ తెరిచారు. ఓడలు నేరుగా నగరం గుమ్మంలోకే వెళ్ళిపోయాయి. ఈ ఊళ్ళో ఒడ్డు పక్కనున్న నెల్సన్ ప్లేస్ వీధిలో ఆ పాత బ్యాంకులూ హోటళ్ళూ ఇంకా నిలబడి ఉండడానికి పెద్ద కారణం అదేనని నా అభిప్రాయం. వ్యాపారం పెరిగిన చోట పాతవి కూలగొట్టి కొత్తవి కడతారు. ఇక్కడ కూలగొట్టాల్సినంత అవసరం రాలేదు.

ఇక ఇంట్లో చేసుకోవాల్సిన పని. ఒక్కో కట్టడానికి రెండు మూడు గంటలు కేటాయించుకో. మూడు చోట్ల చూడాలి. మొదటిది శాండ్స్ అండ్ మెక్‌డూగల్ డైరెక్టరీలు. వీధివారీగా ఎవరు ఎక్కడ ఉన్నారో, ఏం వ్యాపారం చేశారో ఏటేటా అచ్చువేసిన పుస్తకాలవి. స్టేట్ లైబ్రరీ విక్టోరియా వాళ్ళు చాలా సంవత్సరాలవి ఆన్‌లైన్‌లో పెట్టారు. పుస్తకం మీద ఉన్న సంవత్సరం కన్నా లోపలి వివరం కొన్ని నెలలు పాతదై ఉంటుందని గుర్తుపెట్టుకో. ఇంటి నంబరుని మాత్రం నమ్మకు. నంబర్లు మధ్యలో మారాయి. ఏ రెండు అడ్డవీధుల మధ్య ఉందో దాన్నిబట్టి లెక్కపెట్టు. రెండోది మెల్‌బోర్న్ నీటి, మురుగు బోర్డు 1890ల నుంచి గీయించిన ప్లాన్లు. అంగుళానికి 40 అడుగుల కొలతలో గీసినవాటిలో ఇంటి వెనక దొడ్డి, గుర్రపుశాల కూడా కనిపిస్తాయి. డైరెక్టరీలో దొరికిన పేరుని ఈ ప్లాన్ మీద పెట్టి చూస్తేనే ఆ ఇల్లు ఇదేనా కాదా తేలేది.

మూడోది ట్రోవ్, పాత పత్రికలు వెతుక్కునే వెబ్‌సైట్. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్ళది, ఉచితం. విలియమ్స్‌టౌన్ క్రానికల్ అనే స్థానిక పత్రిక 1850ల నుంచి అందులో ఉంది. వెతికేటప్పుడు పేరుని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పత్రికనీ దశాబ్దాన్నీ ఎంచుకో. ఏమీ దొరకకపోతే ఆ సంగతి జరగలేదని తేల్చెయ్యకు. పాత అచ్చుని కంప్యూటర్ తప్పుగా చదువుతుంది, వరుస చివర విరిగిన మాట రెండు ముక్కలైపోతుంది. గెలిబ్రాండ్ లాంటి పేర్లు సగంతో వెతుకు. 1884కి ముందు వార్తలకి పోర్ట్ మెల్‌బోర్న్ అని కొడితే దొరకవు, శాండ్రిడ్జ్ అని కొట్టాలి. దొరికాక పక్కనున్న టైపు అక్షరాలు కాదు, అసలు పేజీ బొమ్మ చదువు. పత్రిక పేరు, తేదీ, పేజీ అప్పుడే రాసుకో. అన్నిటికన్నా ముఖ్యం: సంఘటన జరిగిన వారంలో వచ్చిన వార్తనీ, నలభై ఏళ్ళ తరవాత పెద్దవాళ్ళ జ్ఞాపకాలంటూ వచ్చిన వ్యాసాన్నీ ఒకే తక్కెడలో పెట్టకు. ఊళ్ళో చెలామణీ అయ్యే తప్పుల్లో ఎక్కువ భాగం ఆ రెండో రకం నుంచే పుడతాయి.

నడక దారి ఇది. పదింటికి విలియమ్స్‌టౌన్ స్టేషన్ దగ్గర కలవండి. వెరిబీ లైన్‌లో వచ్చేవాళ్ళు న్యూపోర్ట్‌లో మారాలి. శని ఆదివారాల్లో పట్టాల పని ఉండి రైలు బదులు బస్సు వేస్తుంటారు, ముందురోజు చూసుకో. నెల్సన్ ప్లేస్ వెంట జెమ్ పియర్ దాకా వెళ్ళండి. అక్కడ కట్టి ఉన్న కాసిల్‌మేన్ అనే యుద్ధనౌకని 1941లో ఈ ఊరి డాక్‌యార్డ్‌లోనే నీళ్ళలోకి దించారు. ఆ తరగతివి ఆస్ట్రేలియాలో 60 కట్టారు. ఇప్పుడది మ్యూజియం, చూసుకునేవాళ్ళు వాలంటీర్లు. లోపలికి వెళ్ళాలంటే తెరిచే వేళ కనుక్కో. నిలువు నిచ్చెనల్లాంటి మెట్లు కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని డెక్ మీదే ఉంచు. పదకొండున్నరకి ఎదురుగా కామన్‌వెల్త్ రిజర్వ్‌లో భోజనాలు పెట్టించెయ్. షుగర్ ఉన్నవాళ్ళని రెండింటిదాకా ఆపకూడదు, పైగా ముందు దారిలో నీడ తక్కువ. పులిహోర మూత తీసి పక్కన పెట్టొద్దని పిల్లలకి చెప్పు, సీగల్స్ క్షణంలో వచ్చి వాలతాయి.

అక్కణ్ణుంచి వెనక్కి నడిచి పాయింట్ గెలిబ్రాండ్‌లోని టైమ్‌బాల్ టవర్ దగ్గరికి ఒంటిగంటకి పది నిమిషాల ముందే చేరాలి. ఇక్కడ తొందరపడకు. నడకకి గుండెకాయ ఇదే. టైమ్‌బాల్ అంటే ఓడలకి సరైన వేళ తెలపడానికి పైనుంచి వదిలే గోళం. 1840లో ఇక్కడ చెక్క దీపస్తంభం ఉండేది. 1849లో దాని బదులు బ్లూస్టోన్ అనే నల్లరాతితో ఈ కట్టడం మొదలుపెట్టారు. 1853లో రాబర్ట్ ఎలరీ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈ ఊళ్ళోనే అబ్జర్వేటరీ పెట్టి నక్షత్రాలని బట్టి వేళ కట్టేవాడు. గోళాన్ని కొయ్య మీద పైదాకా లాగి ఉంచి, సరిగ్గా ఒంటిగంటకి వదిలేవాళ్ళు. బేలో ఉన్న ప్రతి ఓడ మీదా ఒకడు దుర్భిణి పెట్టుకుని, గోళం కదలడం మొదలైన క్షణానికి తన క్రోనోమీటర్, అంటే ఓడ గడియారం, ఎంత చూపిస్తోందో రాసుకునేవాడు. కింద పడ్డ క్షణం కాదు, కదిలిన క్షణం. నడిసముద్రంలో ఓడ తూర్పు పడమరల్లో ఎక్కడుందో ఆ గడియారాన్నిబట్టే లెక్కకట్టేవాళ్ళు. పిల్లలకి లెక్క చేయించు: భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. అంటే 4 సెకన్లకి డిగ్రీలో అరవయ్యో వంతు. భూమధ్యరేఖ దగ్గర అది ఒక నాటికల్ మైలు, 1.85 కిలోమీటర్లు. గడియారం ఒక్క నిమిషం తప్పితే ఓడ తానున్న చోటుని దాదాపు 28 కిలోమీటర్లు తప్పుగా లెక్కవేసుకుంటుంది. పిల్లలందరి దగ్గరా ఒకే యాప్‌తో సెకన్లు తెరిపించి, నువ్వు చెయ్యి దించగానే ఎంత చూపించిందో చెప్పమను. అందరిదీ సరిగ్గా కలవకపోవచ్చు. గోళం దించి వేళ తెలిపే పని 1926 దాకా సాగింది. ఇప్పటి గోళం ఆ రోజు పనిచేస్తుందో లేదో ముందుగా కనుక్కో, పడుతుందని ఎవరికీ మాట ఇవ్వకు.

విశాఖ నుంచి వచ్చిన పెద్దలుంటే వాళ్ళకి ఇంకో సంగతి చెప్పు. గోడే వెంకట జగ్గారావుగారు 1840లోనే విశాఖలో సొంత అబ్జర్వేటరీ పెట్టారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభంతో ఊరికి వేళ తెలిపే ఏర్పాటూ ఆయనదే. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రగ్రహం సూర్యుడి ముందునుంచి వెళ్ళడాన్ని విశాఖలో గమనించి లెక్కలు రాశారు. అదే సంఘటనని ఎలరీ మెల్‌బోర్న్ నుంచి చూశాడు. ఈ మాట విన్నాక మన పెద్దవాళ్ళు ఆ టైమ్‌బాల్ టవర్‌ని చూసే చూపే మారుతుంది.

పాత ఫొటోలు చూపిస్తే ఒక గుర్తు పట్టుకో. ఈ టవర్ నల్లరాతి కట్టడం మీద ఇటుకలతో గుండ్రటి పొడవాటి భాగం కనిపిస్తే ఆ ఫొటో 1934 తరవాతది. దాన్ని 1980ల చివర్లో తీసేశారు. అది కనబడుతున్న ఫొటో కింద 1890 అని రాసి ఉంటే ఆ రాసినవాళ్ళని నమ్మకు.

ఇదే ఒడ్డున జైలు ఓడల సంగతి కూడా చెప్పాలి. బంగారం కాలంలో జైళ్ళు చాలక, పాత ఓడలు కొని ఖైదీలని వాటిలో ఉంచారు. పగలు ఒడ్డున రాళ్ళు కొట్టించేవాళ్ళు. 1857 మార్చిలో జైళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్ జాన్ ప్రైస్ ఇక్కడే ఖైదీల చేతిలో హతమయ్యాడు. అందుకు ఏడుగురిని ఉరితీశారు. చిన్నపిల్లలుంటే వివరాలు వద్దు, కానీ సంగతిని దాటెయ్యకు. ఇక్కడి సముద్రపు గోడ రాళ్ళలో ఖైదీల చెమట ఉంది. బందిపోటుగా పేరుపడ్డ నెడ్ కెల్లీ కూడా 1873లో కొన్నాళ్ళు ఇక్కడి జైలు ఓడలో ఉన్నాడు. ప్రతి రాయినీ అతనే పేర్చాడని జనం అంటారు, నువ్వు అనకు.

షెనాండోవా కథ పెద్దపిల్లలకి బాగా నచ్చుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షపు ఆ యుద్ధనౌక 1865 జనవరిలో మరమ్మతుకి ఇక్కడికొచ్చింది. వెళ్ళేటప్పుడు 42 మందిని రహస్యంగా ఎక్కించుకుపోయింది. తటస్థంగా ఉండాల్సిన బ్రిటిష్ రేవులో అలా జరగనిచ్చారని, మెల్‌బోర్న్ వదిలాక ఆ ఓడ చేసిన నష్టానికి బ్రిటన్‌దే బాధ్యత అని 1872లో జెనీవాలో మధ్యవర్తుల సభ తీర్పు చెప్పింది.

మొదలుపెట్టేముందు ఈ నేల బునురాంగ్ ప్రజలదని, వాళ్ళలో యలుకిట్ విల్లమ్ వంశంవాళ్ళు ఇక్కడివాళ్ళని గౌరవంగా చెప్పు. ఆ మాట ఎవరైనా చెప్పొచ్చు. కానీ స్వాగతం పలికే హక్కు ఆ నేలవాళ్ళకే ఉంది. ఆ రెండూ కలిపెయ్యకు.

టవర్ నుంచి ఒడ్డు వెంట 1860 నాటి బొటానిక్ గార్డెన్స్ దాకా వెళ్ళి, విలియమ్స్‌టౌన్ బీచ్ స్టేషన్‌లో రైలెక్కించండి. మొత్తం నాలుగైదు కిలోమీటర్లు, రెండున్నరకల్లా అయిపోతుంది. ఆగేచోట్లు ఏడు చాలు, ఒక్కోచోట ఏడు నిమిషాలు. ఇరవైమంది మించితే వెనకవాళ్ళకి వినపడదు. గాలికి ఎదురుగా నిలబడి మాట్లాడకు, గాలి నీ వీపు వైపునుంచి వచ్చేలా చూసుకో. మార్చి, ఏప్రిల్ నెలలు మేలు. అక్కడి వేసవిలో, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఎండ మాడ్చేస్తుంది, నైరుతి గాలి తిరిగితే గంటలో చలి పుడుతుంది. అందరిచేతా ఒక జాకెట్ తెప్పించు.

ఇంకా ఓపికున్నవాళ్ళకి జాబోన్ రిజర్వ్ చూపించు. ఒకప్పటి తుపాకీ షూటింగ్ మైదానం కాబట్టి కంచె లోపల మడచెట్లు బతికిపోయాయి. మన కోరింగలో ఉండే తెల్లమడే ఇది, చలికి ఇక్కడ పొట్టిగా ఉంటుంది.

చివరిగా, ఆ ఊరివాళ్ళతో పరిచయం లేకుండా ఆ ఊరి గురించి మాట్లాడకు. ఎలక్ట్రా వీధిలో పాత మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ భవనంలో హిస్టారికల్ సొసైటీ మ్యూజియం ఉంది. ముందు వెళ్ళి సభ్యత్వం తీసుకుని, నీ కాగితాలు చూపించి తప్పులు దిద్దమని అడుగు. 1864 నుంచి ఉన్న ఫుట్‌బాల్ క్లబ్ ఆటకి ఒకసారి వెళ్ళు. డాక్‌యార్డ్‌లో, న్యూపోర్ట్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసిన ఇటాలియన్, గ్రీకు, మాల్టా కుటుంబాల పెద్దవాళ్ళు అక్కడే కలుస్తారు. వాళ్ళ మాటలు రికార్డు చెయ్యదలుచుకుంటే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ఎప్పుడైనా వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చని అందులోనే రాయి. ఒక విడతకి గంట మించొద్దు. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వాళ్ళకి జానెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచు. వంటింట్లో కూర్చుంటే ఫ్రిజ్ మోత మొత్తం రికార్డులో పడుతుంది. అడిగి ఆపించి, నీ కారు తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టు. అప్పుడు మళ్ళీ ఆన్ చెయ్యకుండా బయటికి రాలేవు. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. సైరన్ ఎన్నింటికి మోగేది, డబ్బాలో భోజనం ఏముండేది, జీతం కవర్ ఎవరి చేతిలో పెట్టేవారు అని అడుగు. గంట మాటని రాతలో పెట్టడానికి ఐదారు గంటలు పడుతుంది, ఆ లెక్కన నెలకి ఒకరిద్దరి కన్నా ఒప్పుకోకు. ఒక కాపీ నీ దగ్గర, ఒకటి ఆ ఇంట్లోవాళ్ళకి, వాళ్ళు సరేనంటే ఇంకొకటి సొసైటీకి ఇవ్వు.

నీ ఏడు చోట్ల జాబితా తయారయ్యాక నాకు పంపు. తేదీలు నేనూ ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న