అనుప్రాస పేరు చివర చెప్పు, ముందు వినిపించు

అమ్మాయీ,

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు అనుప్రాస, అంటే ఒకే హల్లు మళ్లీ మళ్లీ వినిపించడం, ఎలా చెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్నానని రాశావు. ముందు ఒక మాట చెబుతా విను. లక్షణం బోర్డు మీద రాయకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద తరగతుల్లో నేను చేసిన పని అదే. పిల్లలు అనుప్రాసలో ఒక రకమైన ‘వృత్త్యనుప్రాస’ అంటే ఏమిటో గడగడా అప్పజెప్పారు. సరే, మీరే ఒక వాక్యం కట్టండి అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. పేరు వచ్చింది కానీ శబ్దం చెవిన పడలేదు. ఆ పిల్లలకు అన్యాయం చేశానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చెవితో మొదలుపెట్టు. కాకి, కోతి, మేక, కుక్క అని చదివి, వీటిలో ఏది వేరో చెప్పమను. మేక అంటారని నేను ఎదురుచూస్తుంటే, ఒకసారి ఒక పిల్ల లేచి, “మేకలో కూడా క ఉంది కదా టీచర్, చివర దాక్కుంది” అంది. ఎంత సంతోషమేసిందో! ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజం. తిరిగి తిరిగి వచ్చే హల్లు మాట మొదట్లోనే ఉండాలని మన అనుప్రాసకు నియమం లేదు. మధ్యలో వచ్చినా, చివర వచ్చినా చెవికి తగులుతుంది. అప్పటినుంచి ఆ ఆటను రెండు రకాలుగా ఆడించాను. ముందు ‘క’తో మొదలయ్యే మాటలు, తర్వాత ‘క’ ఎక్కడ దాక్కున్నా సరే పట్టుకోవడం.

ఇక్కడ మన లిపి ఒక చిక్కు పెడుతుంది. కా, కి, కూ, కో పిల్లల కంటికి వేర్వేరు అక్షరాలు. కాకీ కోతీ ఒక జట్టు ఎలా అవుతాయని అడుగుతారు. అప్పుడు క గుణింతం నెమ్మదిగా అనిపించు. పెదాలు ఒకసారి సాగుతాయి, ఒకసారి గుండ్రమవుతాయి, కానీ నాలుక వెనక భాగం వెళ్లి పైన తగలడం మాత్రం మారదు. ప, బ, మ అన్నప్పుడు పెదాలు కలుసుకోవడం అద్దంలో చూసుకోనివ్వు. నోటి ముందు పల్చటి కాగితం ముక్క పట్టుకుని ‘బ’ అంటే పెద్దగా కదలదు, ‘భ’ అంటే ఊగుతుంది. దీనికి పీరియడ్ మొత్తం పోయినా పోనీ, కంగారుపడకు. ఇంగ్లీషులో సిటీ, కేక్ ఒకే అక్షరంతో మొదలవుతాయి కానీ వినబడేది వేరు కదా. చూడాల్సింది అక్షరాన్ని కాదు, శబ్దాన్ని అని అప్పుడు చెబితే ఇట్టే అర్థమవుతుంది.

ఈ ఆటలు చదువుకు ఏం పనికొస్తాయని ఎవరైనా అడగొచ్చు. బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఇద్దరు పరిశోధకులు 1983లో ఒక అధ్యయనం ప్రచురించారు. 65 మంది పిల్లలను జట్లుగా చేసి, కొందరికి ఒకే శబ్దం ఉన్న మాటల బొమ్మలను జతచేయడం నేర్పారు. ఇంకొందరికి దానితోపాటు ప్లాస్టిక్ అక్షరాలు కూడా ఇచ్చారు. చదవడంలో, స్పెల్లింగులో అక్షరాలు కూడా చేతపట్టిన జట్టే అందరికన్నా ముందుంది. అందుకే వినడం కుదిరాక అట్టముక్కల మీద అక్షరాలు రాసి చేతికివ్వు. ఒక్క పిల్లి బొమ్మ తీసుకుని, పులి, పాప, పిట్ట పక్కన ఒకసారి పెట్టించు, బల్లి, తల్లి, మల్లి పక్కన ఇంకోసారి. మొదలు కలవడం వేరు, చివర కలవడం వేరు అని నువ్వు నోటితో చెప్పక్కర్లేదు. చివర కలిసేదాన్ని అంత్యానుప్రాస అంటారని పెద్దయ్యాక తెలుసుకుంటారు.

ఇక అసలు నిధి పిల్లల నోట్లోనే ఉంది. గలగల, జలజల, టపటప వాళ్లకు ఎవరూ నేర్పలేదు. గలగల పారే నీటికి టపటప అని పెట్టి చూడు, ఒప్పుకోరు! మొదట కాస్తా మొట్టమొదట, చివర కాస్తా చిట్టచివర, పగలు కాస్తా పట్టపగలు ఎలా అయ్యాయో వరసగా రాసి చూపిస్తే మధ్యలో దూరిన ‘ట్ట’ను వాళ్లే పట్టుకుంటారు. ‘పుస్తకం గిస్తకం’, ‘కాలు గీలు’ అని మనం రోజూ అంటాం కదా. మాట మొదట్లో పొట్టి అక్షరమైతే గి, పొడుగు అక్షరమైతే గీ. ఈ సూత్రం పిల్లలు చెప్పేదాకా ఓపిక పట్టు. అప్పుడు ‘గిన్నె’కు ఏమంటారో అడుగు. క్లాసంతా తలపట్టుకుంటుంది.

తర్వాత వాక్యాలు కట్టించు. “చిట్టి చీమ చెట్టు చాటున చప్పుడు చేయకుండా చేరింది” అని నువ్వు ఒకటి అందుకుంటే చాలు. “బుజ్జి బాతు బడికి బస్సులో బయల్దేరింది” అని వాళ్లు అల్లేస్తారు. అర్థం లేకుండా మాటలు కుక్కితే మాత్రం ఒప్పుకోకు. చీమ ఎందుకు చప్పుడు చేయలేదు, బాతుకు బడిలో ఏం పని అని అడుగు, కథ పుట్టుకొస్తుంది. నాలుక తిరగని పిల్లలను అందరి ముందు నిలబెట్టి పలికించకు. శ, స తేడా రాలేదని వాక్యం మధ్యలో ఆపకు. ఇంట్లో వాడే మాట తెస్తే అదీ రాయనివ్వు.

ఇన్ని అయ్యాక, వాళ్ల వాక్యాలు బోర్డు నిండా ఉన్నప్పుడు, దీన్ని అనుప్రాస అంటారు అని చెప్పు. ‘వంద వందనాలు’ లాంటి ఛేకానుప్రాస, యతి, ప్రాస, ఇవేవీ ఇప్పుడు వద్దు.

గిన్నె సంగతి మీ పిల్లలు ఏం తేల్చారో మాత్రం తప్పకుండా రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ