చిన్న లేత్‌కు ముందుగా చేసుకోవాల్సింది చేతి హ్యాండిల్

చిన్న లేత్ కొన్నాను, డబ్బంతా దానికే అయిపోయింది, ఇంట్లో చేసుకోగలిగిన వాటిలో ముందు ఏది చేయాలి అని అడిగారు. నన్నడిగితే స్పిండిల్‌ను, అంటే లేత్‌లో ఇనుప ముక్కను తిప్పే బోలు ఇరుసును, చేత్తో తిప్పే హ్యాండిల్ చేసుకోండి. చాలామంది కోసే టూల్‌ను పట్టుకునే టూల్ పోస్ట్‌తో మొదలుపెడతారు. అది తరవాతైనా చేసుకోవచ్చు.

పలాసలో నాకు చిన్న షెడ్డు ఉంది. జీడిపప్పు మిషన్లలో అరిగిన పిన్నులు, బుష్‌లు కొత్తవి చేసి ఇవ్వడమే ఎక్కువ పని. ఒకసారి ఎం16 (16 మి.మీ. మర) పిన్నుకు మెట్టు దాకా, అంటే పిన్ను లావయ్యే చోటు దాకా, మరలు కోయాల్సి వచ్చింది. పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం, 2 మి.మీ., స్పిండిల్ వేగం నిమిషానికి 100 చుట్లు. అంటే టూల్ సెకనుకు 3 మి.మీ. పైనే పరుగెడుతుంది. టూల్‌ను నడిపించే స్క్రూను పట్టుకునే హాఫ్ నట్‌ను విడిపించడంలో రెప్పపాటు ఆలస్యమైంది. టూల్ వెళ్లి మెట్టును గుద్దింది, మొన విరిగింది, పిన్ను వంకరపోయింది. ఆ పూట కూలీ, సరుకూ రెండూ గోవిందా.

చేత్తో తిప్పితే మెట్టు దగ్గర ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చని మర్నాడే హ్యాండిల్ చేశాను. స్పిండిల్ రంధ్రం కంటే 0.1 మి.మీ. సన్నగా ఒక ఎం.ఎస్. (మెత్తటి ఉక్కు) రాడ్‌ను టర్నింగ్ చేసి, మధ్యలో ఎం8 బోల్టు పట్టేలా ఈ చివర నుంచి ఆ చివరకు బెజ్జం వేయండి. లోపలికి వెళ్లే కొసను గరాటులా విప్పారేలా బోరింగ్ చేసి, హాక్సాతో అడ్డంగా, నిలువుగా రెండు కోతలు 40 మి.మీ. లోతున పెట్టండి. ఆ గరాటులో కూర్చునే కోన్ ఒకటి చేసి దాని బెజ్జంలో ఎం8 ట్యాప్‌తో మరలు కోయండి. బోల్టు బిగిస్తే కోన్ లోపలికి లాక్కుని, నాలుగు ముక్కలూ పూరేకుల్లా విచ్చుకుని రంధ్రాన్ని పట్టేస్తాయి. బోల్టును బయటే కాస్త బిగించి అప్పుడు దూర్చండి, లేకపోతే కోన్ కూడా బోల్టుతోపాటే తిరుగుతుంది. బయటి కొసకు 150 మి.మీ. పట్టీ వెల్డింగ్ చేసి, పిడికి ఒక బోల్టు మీద పైపు ముక్క వదులుగా తొడిగితే చాలు.

మోటారు బెల్టు వదులు చేస్తే తిప్పడం తేలిక. ఒక కోత అయ్యాక హాఫ్ నట్ ముట్టుకోకుండా, టూల్‌ను వెనక్కి లాగి, హ్యాండిల్‌ను వ్యతిరేక దిశలో తిప్పి మొదటికి రండి. హాఫ్ నట్ మళ్లీ ఎప్పుడు వేయాలో చూపే థ్రెడింగ్ డయల్‌తో పనే లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరవాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఒక రైతు పంపు బోల్టుకు మరలు అప్పుడు ఈ హ్యాండిల్‌తోనే కోసి ఇచ్చాను, చేతులు పడిపోయాయి గానీ పని ఆగలేదు.

ప్రమాదం ఒకటి ఉంది. హ్యాండిల్ ఉండగా మోటారు వేస్తే అది గదలా తిరుగుతుంది. అందుకే నేను ముందే ప్లగ్గు పీకేస్తాను. హ్యాండిల్ తీశాకే మళ్లీ పెడతాను. భుజం మీద తువ్వాలు ఉంటే అదీ తీసి పక్కన పెట్టండి.

తరవాతిది క్యారేజ్ స్టాప్, అంటే టూల్‌ను మోసే క్యారేజ్‌ను ఒకే చోట ఆపే దిమ్మె. బెడ్ (క్యారేజ్ జారే పట్టాలు) మీది వి ఆకారానికి సరిపడేలా ఒక దిమ్మెను ఆకురాయితో రాసి, కింద పట్టీతో బిగించి, ముందు వైపు ఎం6 స్క్రూ పెట్టండి. ఎం6 పిచ్ సరిగ్గా 1 మి.మీ. కాబట్టి తలను పది భాగాలుగా గుర్తిస్తే ఒక్కో గీత 0.1 మి.మీ. అవుతుంది. మోటారే క్యారేజ్‌ను నడిపే ఆటో ఫీడ్‌లో మాత్రం స్టాప్‌కు గుద్దించకండి, చివరి కొంచెం చేత్తోనే జరపండి.

టూల్ మొన జాబ్ (కోసే ముక్క) మధ్య ఎత్తులో ఉందో లేదో చూడటానికి ప్రస్తుతం 6 అంగుళాల స్కేలు చాలు. గుండ్రటి జాబ్‌కూ టూల్ మొనకూ మధ్య దాన్ని నొక్కి చూడండి. నిటారుగా ఉంటే ఎత్తు సరే, పై కొస మీ వైపు వాలితే టూల్ కిందికి ఉన్నట్టు. అరిగిన హాక్సా బ్లేడు ముక్కల పళ్లు రాసేసి కింద పెట్టుకోండి, ఒక్కోటి 0.6 మి.మీ. దాకా లేపుతుంది. బయటి మరలు కోసే డైని పట్టుకునే డై హోల్డర్ ఆ తరవాత చూద్దాం, హ్యాండిల్ ఉన్నాక దాని అవసరం నాకు నెలకు ఒకసారి కూడా రావడం లేదు.